నాష్‌విల్: ఎవరి గొంతు ఎవరికి వినపడింది?



మనం 'మాస్టారు' అని పిలుచుకున్న మనిషి ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. ఆకాశవాణిలో సాంకేతిక విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. మన ఫిల్మ్ సొసైటీ ఆదివారం ప్రదర్శనల్లో ఆయన కుర్చీ ఎప్పుడూ వెనక గోడ దగ్గర, స్పీకరు పక్కన. సినిమా అయ్యాక బయట టీ తాగుతూ ఒకరినొకరం 'ఎలా ఉంది?' అని అడిగేవాళ్ళం. ఆయన మాత్రం 'ఏం వినపడింది?' అనేవారు. ఆ రోజుల్లో నాకది చాదస్తంలా తోచేది. వెలుగునీడలూ కెమెరా కదలికలూ అప్పుడే నేర్చుకుని, వాటి గురించి అనర్గళంగా మాట్లాడాలని ఉబలాటపడే వయసు. వినపడింది ఏమిటంటే ఏం చెబుతాం? డైలాగులు వినపడ్డాయి.

ఆయన పేరున మాట్లాడమని పిలుపు వచ్చినప్పుడు, ఆ ప్రశ్నకు తట్టుకుని నిలబడే సినిమా కోసం వెతికాను. నాష్‌విల్ తట్టింది. రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసింది, 1975 జూన్‌లో విడుదలైంది. అమెరికాలో కంట్రీ సంగీతానికి రాజధాని అనదగ్గ ఊరు, ఐదు రోజులు, ఇరవై నలుగురు మనుషులు, రెండు గంటల నలభై నిమిషాలు. అందులో గంటసేపు పాటలే.

మొదటిసారి చూసినప్పుడు నాకు నచ్చలేదని ముందే ఒప్పుకుంటాను. కథ ఎప్పుడు మొదలవుతుందా అని గంటసేపు చూశాను. ఎవరు ఎవరి భార్యో తెలియలేదు. రెండోసారి కాగితం, పెన్సిలు పెట్టుకుని పేర్లు రాసుకుంటూ చూశాను, అదీ తప్పే. పెళ్ళింటికి వెళ్ళి ఆహ్వానితుల జాబితా సరిచూసుకున్నట్టుంది. మూడోసారి కాగితం పక్కన పెట్టాను. అప్పటికి మాస్టారు లేరు.

ముందు ఆ ఊరి సంగతి. కంట్రీ సంగీతమంటే మన దగ్గర చాలామందికి జిమ్ రీవ్స్ ఒక్కడే తెలుసు. రేడియో సిలోన్ పుణ్యమా అని, రైల్వే క్వార్టర్లలోని ఆంగ్లో-ఇండియన్ ఇళ్ళ పుణ్యమా అని ఆ మెత్తని గొంతు మన దాకా వచ్చింది. ఆయన 1964లో నాష్‌విల్ దగ్గరే, తాను నడుపుతున్న చిన్న విమానం కూలి చనిపోయాడు. ఆ గొంతు వెనకున్న ఊరు మాత్రం మన దాకా రాలేదు.

ఆ ఊళ్ళో 1925లో ఒక బీమా కంపెనీ రేడియో స్టేషన్ పెట్టింది. స్టేషన్ పేరు డబ్ల్యూఎస్‌ఎం. లక్షల మందికి మేం రక్ష అనే అర్థం వచ్చే కంపెనీ నినాదంలోని పొడి అక్షరాలే ఆ పేరు. పాలసీలు అమ్ముకోవడానికి శనివారం రాత్రి పల్లెటూరి ఫిడేళ్ళు, బాంజోలు వాయించారు. ఆ కార్యక్రమానికి గ్రాండ్ ఓల్ ఆప్రీ అన్న పేరు 1927లో వచ్చింది. అంతకు ముందు ప్రసారమైన శాస్త్రీయ సంగీత కార్యక్రమాన్ని ఆటపట్టిస్తూ వ్యాఖ్యాత పెట్టిన పేరది. ఆ మాట అన్న వెంటనే మైకు ముందుకొచ్చి మౌతార్గన్ వాయించిన మనిషి డిఫోర్డ్ బెయిలీ, నల్లవాడు. ఆప్రీ తొలి తారల్లో ఒకడు. 1941లో ఆయన్ను తీసేశారు. తర్వాత అదే ఊళ్ళో బూట్లు పాలిష్ చేసి బతికాడు. బాంజో అనే వాయిద్యం ఆఫ్రికా నుంచి బానిసలతో వచ్చిందని గుర్తు పెట్టుకుంటే, ఈ కథ ఇంకాస్త చేదుగా ఉంటుంది. ఆల్ట్‌మన్ ఇరవై నలుగురిలో టామీ బ్రౌన్ అనే నల్ల గాయకుడు ఒక్కడున్నాడు. ఒళ్ళంతా మర్యాద. బార్‌లో మరో నల్లవాడు అతణ్ణి తెల్లవాళ్ళకు అమ్ముడుపోయావని తిడతాడు. చెప్పాలంటే ఆ పాత్రకు సినిమా న్యాయం చేయలేదు. సినిమా మీద నాకున్న ఫిర్యాదుల్లో అదొకటి.

ఆప్రీ ముప్పై ఏళ్ళు రైమన్ ఆడిటోరియంలో నడిచింది. అది 1892లో ప్రార్థనా మందిరంగా కట్టినది, కూర్చునేవి చర్చి బల్లలే. 1974 మార్చిలో అక్కణ్ణించి లేపి, ఊరి బయట వినోదాల పార్కు పక్కన కట్టిన కొత్త భవనంలోకి మార్చారు. ప్రారంభోత్సవానికి అధ్యక్షుడు నిక్సన్ వచ్చాడు. పియానో వాయించాడు, వేదిక మీద యోయో ఆడించబోయాడు. వాటర్‌గేట్ మెడకు చుట్టుకుని ఉన్న మనిషి, జనం ఇంకా చప్పట్లు కొట్టే చోటు వెతుక్కుంటూ పాటగాళ్ళ దగ్గరికి వచ్చాడు. ఆ వేసవిలోనే ఆల్ట్‌మన్ బృందం ఊళ్ళోకి దిగింది. ఆగస్టులో షూటింగ్ జరుగుతుండగానే నిక్సన్ రాజీనామా చేశాడు.

స్క్రిప్టు రాసిన జోన్ ట్యూక్స్‌బరీ అంతకు ముందు ఆల్ట్‌మన్ దగ్గర కంటిన్యుటీ చూసుకునేది. ఒకసారి నాష్‌విల్ వెళ్ళి, చూసిందీ విన్నదీ డైరీలో రాసుకురమ్మని ఆయన పంపాడు. విమానాశ్రయం నుంచి వస్తుంటే ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది, అది అలాగే సినిమాలోకి వచ్చింది. చివర్లో ఒక హత్య ఉండాలని పట్టుబట్టింది ఆల్ట్‌మనే.

ఇక శబ్దం సంగతి. మాస్టారుంటే ఈ భాగం ఆయనే చెప్పేవారు, నాకంటే బాగా.

అప్పటిదాకా హాలీవుడ్‌లో సంభాషణ రికార్డు చేయడమంటే, కర్ర చివరన మైకు కట్టి నటుల తలమీద పట్టుకోవడం. ఒకరు మాట్లాడాకే మరొకరు మాట్లాడాలి. ఇద్దరూ కలిసి మాట్లాడితే విడదీయడానికి ఉండదు. ఆల్ట్‌మన్ బృందం ఎనిమిది ట్రాకుల యంత్రం తయారు చేసుకుంది. అంతకు ముందు ఏడాది వచ్చిన కాలిఫోర్నియా స్ప్లిట్‌లో దాన్ని మొదట వాడారు. నటుల బట్టల కింద ఒక్కొక్కరికి ఒక్కో వైర్‌లెస్ మైకు, ఒక్కో మైకుకు ఒక్కో ట్రాకు. ఎవరి గొంతు పెంచాలో, ఎవరిది తగ్గించాలో తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు. కెమెరా దూరంగా ఉండి జూమ్ లెన్సుతో గుంపులోకి వెళ్తుంది. తన ముఖం ఫ్రేములో ఉందో లేదో, తన గొంతు సినిమాలో మిగులుతుందో లేదో ఏ నటుడికీ తెలియదు. అందుకని అందరూ అన్నివేళలా బతుకుతూనే ఉండాలి. పాటలు కూడా చాలావరకు జనం ముందు, అక్కడికక్కడే పాడినవి.

మన బోటి ప్రేక్షకుడికి ఇక్కడే ఒక చిక్కుంది. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకు కూడా ఆ దక్షిణాది యాస ఒక పట్టాన చెవికెక్కదు, కింద అక్షరాలు చదువుకుంటాం. తెర మీద ఐదుగురు ఒకేసారి మాట్లాడుతుంటారు. అక్షరాలకు రెండు వరుసలే చోటు. ఆ రెండు వరుసలు ఎవరి మాటకివ్వాలో ఎక్కడో కూర్చున్న ఎవరో తేల్చేశారు. మిగతా ముగ్గురూ మనకు మూగవాళ్ళు. నేను మొదటిసారి చూసింది ఆ ఇద్దరి సినిమా. పాటల సినిమా అని పేరున్న ఈ సినిమాలో అసలు విషయం వినడం అని నాకు తెలియడానికి అందుకే అన్నేళ్ళు పట్టింది.

ఆ దృష్టితో చూస్తే ఊరంతా మాట్లాడేవాళ్ళే. బీబీసీ నుంచి వచ్చానని చెప్పుకునే ఓపల్ ఉంది, జెరాల్డిన్ చాప్లిన్ వేసింది. చేతిలో టేపు రికార్డరు, వినడమే వృత్తి. ఒక్క మనిషి మాట పూర్తిగా వినదు. స్టూడియోలో నల్లవాళ్ళ బృందగానం సాగుతుంటే, పాట వదిలేసి మిషనరీల గురించి, ఆఫ్రికా గురించి తన కల్పనలు చెప్పుకుపోతుంది. ఆ పాడుతున్నవాళ్ళు ఫిస్క్ జూబ్లీ గాయకులు, 1871 నుంచి ప్రపంచం తిరిగి పాడుతున్న సంస్థ వాళ్ళు. ఆమెకు అది పట్టదు. పెద్ద గాయకుడి కొడుకు బడ్, తానూ పాట కడతానని సిగ్గుపడుతూ చెప్పి, ఆమె ఒక్కదాని కోసం మెల్లగా పాట ఎత్తుకుంటాడు. బాగా పాడతాడు కూడా. ఇంతలో ఆవరణలోకి సినిమా నటుడు ఎలియట్ గూల్డ్ వస్తాడు, ఎలియట్ గూల్డ్‌గానే. అంతే, ఓపల్ లేచి పరిగెడుతుంది. బడ్ పాట గాలిలో ఆగిపోతుంది. సినిమా మొత్తంలో నాకు అన్నిటికంటే క్రూరంగా కనిపించే క్షణం అదే, చివర్లోని తుపాకీ కంటే కూడా.

ఊరంతా తిరిగే గొంతు ఒకటుంది. హాల్ ఫిలిప్ వాకర్ అనే అధ్యక్ష అభ్యర్థి ప్రచార వ్యాను. మైకులో జాతీయ గీతం మార్చాలంటాడు, చర్చిల మీద పన్ను వేయాలంటాడు, కాంగ్రెస్ నిండా లాయర్లే ఉన్నారంటాడు. సగం తిక్క, సగం నిజం. ఆ మనిషి సినిమాలో ఒక్కసారి కూడా కనపడడు. ప్రచార వాహనం అనగానే ఈ సభలో పెద్దవాళ్ళకు 1982 నాటి చైతన్యరథం గుర్తు రావచ్చు. అక్కడ జనం వచ్చిందే పైన నిలబడ్డ మనిషిని చూడ్డానికి. ఇక్కడ వ్యాను మీద మైకులే ఉన్నాయి. ఆ ప్రసంగాలు రాసింది థామస్ హాల్ ఫిలిప్స్ అనే మిసిసిపీ నవలాకారుడు, రాజకీయం ఎరిగినవాడు. నువ్వు ఓటేయదలచుకున్న అభ్యర్థిలా రాయి అన్నారట. అందుకే అవి వెక్కిరింతలా ఉండవు, నమ్మాలనిపిస్తాయి. వ్యాను వెళ్తుంటే ఊరు తన పనిలో తానుంటుంది. వినపడనివాడు లేడు, విన్నవాడూ లేడు.

సూలీన్ గే అని ఒక వెయిట్రెస్. గ్వెన్ వెల్స్ వేసింది. అందంగా ఉంటుంది, పాట రాదు. రాదంటే శ్రుతి అన్నది ఆ దరిదాపుల్లో ఉండదు. అద్దం ముందు హావభావాలు సాధన చేస్తుంది. ఊరంతటికీ వినపడేది ఆమెకు ఒక్కదానికే వినపడదు. వాకర్ నిధుల కోసం మగవాళ్ళు మాత్రమే వచ్చిన విందులో ఆమెను పాడమంటారు. పాట మొదలవగానే గోల, విప్పమని కేకలు. పెద్ద తార బార్బరా జీన్‌తో కలిసి పార్థినాన్ వేదిక మీద పాడిస్తామని ఆశ పెడతారు. ఆమె విప్పుతుంది. కెమెరా ఆమెను అవమానించదు, మనల్ని నవ్వనివ్వదు. అంతసేపూ ఆమె పాటకు నవ్వినవాళ్ళం మనమే. అప్పుడు మన కూర్చోవడంలో ఏదో తేడా వస్తుంది.

వ్యంగ్యం చాలామంది చేస్తారు. వేదిక మీద ఉన్నవాళ్ళ కంటే చూసేవాడు తెలివైనవాడన్న భరోసా ఇస్తే చాలు, వ్యంగ్యం అమ్ముడుపోతుంది. ఆల్ట్‌మన్ ఆ భరోసా ఇచ్చి, తర్వాత మెల్లగా లాక్కుంటాడు. హేవెన్ హామిల్టన్‌నే చూడండి. పొట్టివాడు, తళుకుల తెల్లకోటు, విగ్గు, దేశభక్తి. దేశానికి రెండొందల ఏళ్ళు నిండబోతున్న సందర్భంగా పాట రికార్డు చేస్తూ, జుట్టు పెంచుకున్న పియానో కుర్రాణ్ణి స్టూడియోలోంచి వెళ్ళగొడతాడు. హెన్రీ గిబ్సన్ ఆ పాత్రను ఎంత బాగా చేశాడంటే, రెండు గంటలు ఆయన్ను చూసి నవ్వుకోవచ్చు. చివరికి వస్తే, ఆ నవ్వు మన గొంతులోనే ఇరుక్కుంటుంది. అక్కడికి వస్తాను.

దానికి ముందు లినియా. లిలీ టామ్లిన్ వేసింది. భర్త లాయరు, రాజకీయాల్లో తిరుగుతుంటాడు. ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ వినికిడి లేదు. ఒక పూట కొడుకు ఈత తరగతిలో ఏం జరిగిందో చేతులతో, తడబడే మాటలతో చెబుతుంటాడు. లినియా ముఖం చూడండి. కళ్ళు విప్పార్చి, చేతులతో జవాబిస్తూ, పిల్లాడి ఆనందం మొత్తం అందుకుంటుంది. పక్కనే కూర్చున్న భర్త ఏమంటున్నాడు, ఏమంటున్నాడు అని విసుక్కుంటాడు. సొంత కొడుకు మాట ఆ మనిషికి రాదు. చెవులు బాగా పనిచేసే ఊళ్ళో ఒకళ్ళ మాట మరొకళ్ళు నిజంగా విన్న ఘట్టం ఇదొక్కటి, అదీ చెవితో పనిలేకుండా.

ఈ పాత్ర వెనక లూయీజ్ ఫ్లెచర్ అనే నటి జీవితం ఉంది. ఆమె తల్లిదండ్రులిద్దరికీ వినపడదు. వేషం కూడా ఆమెకే అనుకున్నారు, కుదరలేదు. అదే ఏడాది ఆమె మరో సినిమాలో నర్సు వేషం వేసింది. 1976 ఆస్కార్ సభలో ఉత్తమ నటి అవార్డు అందుకుని, వేదిక మీంచి అమ్మానాన్నలకు చేతుల భాషలో కృతజ్ఞతలు చెప్పింది. లిలీ టామ్లిన్ ఆ రాత్రి నామినేషన్‌తోనే సరిపెట్టుకుంది. నాష్‌విల్‌కు ఐదు నామినేషన్లు వచ్చాయి, దక్కింది ఒక్కటే, పాటకు. రాసి పాడిన కీత్ కారడిన్‌కు.

ఆ పాట సన్నివేశం గురించి రాయని విమర్శకుడు లేడు, నేనూ తప్పించుకోలేను. కారడిన్ వేసిన టామ్ జానపద గాయకుడు, అందగాడు, ఆడవాళ్ళ విషయంలో నమ్మదగనివాడు. క్లబ్బులో గిటారు పట్టుకుని, ఇక్కడున్న ఒకరి కోసం అని చెప్పి పాడతాడు. హాల్లో నలుగురు ఆడవాళ్ళు. నలుగురూ అది తమకే అనుకుంటారు. ముఖం మీద ముఖం, మెల్లగా, చివరికి వెనక గోడ దగ్గర ఒంటరిగా కూర్చున్న లినియా మీద కెమెరా ఆగుతుంది. ఆమె ఏమీ చేయదు, వింటుంది. అంతే. వినడం అనే పనిని ఇంత దగ్గరగా, ఇంతసేపు చూపించిన సినిమా మరొకటి నేను చూడలేదు. ఆ రాత్రి మోటెల్ గదిలో అతనికి చేతుల భాషలో ఒక మాట నేర్పుతుంది. ఆమె వెళ్ళడానికి బట్టలు వేసుకుంటుండగానే అతను మరో అమ్మాయికి ఫోను చేస్తాడు, ఆమెకు వినపడేలా. ఆమె తొణక్కుండా తయారై వెళ్ళిపోతుంది. ఫోను పెట్టేశాక అతని ముఖంలో ఏదో ఖాళీ.

బార్బరా జీన్ దగ్గరికి వస్తే, ఆమెను వేసిన రోనీ బ్లేక్లీ పాటలు రాయడానికి వచ్చి పాత్రలోకి అడుగుపెట్టింది. కంట్రీ గాయని లొరెట్టా లిన్ నీడ ఆ పాత్ర మీద ఉంది. కాలిన గాయాలకు వైద్యం చేయించుకుని వస్తుంది, విమానాశ్రయంలోనే సొమ్మసిల్లుతుంది. కోలుకున్నాక ఆప్రీల్యాండ్ అనే ఆ వినోదాల పార్కు వేదిక మీద రెండు పాటలు అద్భుతంగా పాడుతుంది. మూడో పాటకు వాద్యకారులు అందుకుంటారు, ఆమె పాడదు. చిన్నప్పటి సంగతి ఏదో చెప్పడం మొదలెడుతుంది. అమ్మమ్మ, కోళ్ళు, ఎక్కడికో పోతుంది. వాళ్ళు మళ్ళీ అందుకుంటారు, ఆమె మళ్ళీ మాట. ఆ మాటలు బ్లేక్లీ సొంతంగా రాసుకొచ్చినవి. ఒక మనిషి అందరి ముందూ విడిపోతుంటే జనం డబ్బులిచ్చి వచ్చామని గోల చేస్తారు. గోల ఆపడానికి ఆమె భర్త మర్నాడు ఉచితంగా పాడిస్తానని మాటిస్తాడు, వాకర్ సభలో. అలా ఆమె పార్థినాన్ మెట్లెక్కుతుంది.

ఆ పార్థినాన్ ఏథెన్సులోది కాదు. 1897లో టెనెసీ రాష్ట్రపు వందేళ్ళ పండుగకు నాష్‌విల్ కట్టుకున్న నమూనా. తాత్కాలికంగా కట్టింది తర్వాత కాంక్రీటుతో స్థిరపడింది. ప్రజాస్వామ్యం పుట్టిన ఊరికి నకలు, దాని మీద పెద్ద జాతీయ పతాకం, కింద అభ్యర్థి పేరు, ముందు నిజంగానే పాట వినడానికి వచ్చిన ఊరి జనం. కెన్నీ అనే కుర్రాడు మొదటి నుంచీ ఫిడేలు పెట్టె మోస్తూ తిరుగుతుంటాడు. పెట్టె తెరిచి తుపాకీ తీసి కాలుస్తాడు. ఎందుకో సినిమా చెప్పదు. 1972లో ప్రచార సభలో అధ్యక్ష పదవికి పోటీపడుతున్న జార్జ్ వాలెస్ మీద కాల్పులు జరిగిన దేశం అది. సినిమా ఆడుతుండగానే, 1975 సెప్టెంబరులో, అధ్యక్షుడు ఫోర్డ్ మీద మూడు వారాల్లోపు రెండు ప్రయత్నాలు జరిగాయి. ఇక్కడ కాల్చింది నాయకుణ్ణి కాదు, గాయనిని. ఐదేళ్ళ తర్వాత జాన్ లెనన్ హత్య జరిగినప్పుడు చాలామందికి ఈ దృశ్యం గుర్తొచ్చింది.

హేవెన్ చేతికి తూటా తగులుతుంది. మనం ఇంతసేపూ నవ్వుకున్న ఆ పొట్టి మనిషి రక్తం కారుతూ, ముందు బార్బరా జీన్‌ను చూస్తాడు, తర్వాత జనాన్ని చూస్తాడు. కెన్నెడీ హత్య జరిగిన ఊరిని తలుచుకుని, ఇది డల్లాస్ కాదు, ఇది నాష్‌విల్ అంటాడు. ఎవరైనా పాడండి అని మైకు పక్కవాళ్ళ చేతిలో పెడతాడు. బాధ్యతా? ఆట ఆగకూడదన్న వ్యాపారమా? నాకైతే బాధ్యతే కనిపిస్తుంది. మాస్టారు ఉంటే వాదించేవారు. మైకు చేరింది ఆల్బకర్కీ అనే ఆమె చేతికి. మొగుణ్ణి తప్పించుకుని, చిరిగిన మేజోళ్ళతో ఊరంతా తిరుగుతూ పాడే అవకాశం కోసం కాచుకున్న మనిషి. బార్బరా హారిస్ వేసింది. గొంతు వణుకుతూ మొదలై, నల్లవాళ్ళ బృందం వెనక నుంచి కలుస్తుంటే, బలం పుంజుకుంటుంది. ఏదీ పట్టించుకోనన్న అర్థం వచ్చే పాట. పిల్లలు, ముసలివాళ్ళు అందరూ అందుకుంటారు. మంచి గాయని అప్పుడే పుట్టిందన్న సంతోషం, వీళ్ళు ఇంత తొందరగా మరిచిపోతున్నారన్న భయం రెండూ ఒకే శ్రుతిలో వినిపిస్తాయి. విడదీయడానికి ఎనిమిది ట్రాకులున్నా చాలవు.

సూలీన్ కూడా ఆ వేదిక మీదే ఉంది. ఆమెకు మాటిచ్చింది ఈ వేదికే.

నాష్‌విల్ సంగీతకారుల్లో చాలామందికి సినిమా నచ్చలేదు. ఊళ్ళో అంతమంది పాటగాళ్ళుండగా నటులతో పాటలు కట్టించారని కోపం. అది న్యాయమైన కోపమే. అయితే నటులు రాసిన ఆ పాటల్ని ఆల్ట్‌మన్ ముక్కలు చేయకుండా, చాలావరకు చివరిదాకా పాడనిచ్చాడు. వెక్కిరించదలచినవాడు రెండు చరణాలతో పని కానిచ్చేవాడు.

ఉత్తమ దర్శకుడిగా ఐదుసార్లు నామినేషన్ అందుకుని ఒక్కసారీ గెలవని ఆల్ట్‌మన్‌కు 2006లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. ఆ ఏడే వచ్చిన ఆయన చివరి సినిమా కూడా పాటల రేడియో కార్యక్రమం గురించే. ఆ నవంబరులో పోయాడు.

నేను ఎక్కువ సమయం తీసుకున్నాను. ఇప్పుడు సినిమా వేస్తారు, మధ్యలో విరామం లేదు. మొదటి పావుగంట కింది అక్షరాలు ఆపేయమని ఆపరేటరును అడిగాను, ఆ తర్వాత వస్తాయి. అర్థం కాలేదని ఎవరూ కంగారు పడొద్దు. వెనక స్పీకరు దగ్గర రెండు కుర్చీలు ఖాళీ ఉన్నాయి, ముందు వరసలో ఇరుక్కున్నవాళ్ళు అక్కడికి వెళ్ళవచ్చు. టీ సినిమా అయ్యాకే.